ఆరో రీలు

దీనమ్మ రెండో జత గ్లౌజులు వేసుకునేసరికి ఎనిమిదింబావయింది. లోపలివి తెల్ల నూలువి, చెమట పీల్చడానికి. పైవి నీలం రబ్బరువి, పాడైన ఫిలిం కార్చే జిగురు చేతికి అంటకుండా. ఆ రెంటి కిందా ఉన్నవి అరవై ఆరేళ్ల వేళ్లు. కణుపుల దగ్గర వాచి, పొద్దుటిపూట ఒక పట్టాన మాట వినవు. ఆమె వాటిని ఒక్కొక్కదాన్నే మడిచి, చాచి, మళ్లీ మడిచి దారికి తెచ్చుకుంది. ఈ తతంగానికి రోజూ అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలూ ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మాట్లాడదామన్నా ఆ గదిలో ఇంకెవరూ ఉండరు.

ఫోను, వాచీ, కారు తాళం బయట లాకరులో ఉన్నాయి. బ్యాటరీ ఉన్నదేదీ ఈ గదిలోకి రాకూడదని రూలు. వందేళ్ల కిందటి సినిమా ఫిలిం నైట్రేటుతో చేసింది. అది ఒకసారి అంటుకుందంటే నీళ్లు పోసినా ఆరదు. అందుకే ఈ ఫిలిం గిడ్డంగిని ఊళ్లకు దూరంగా, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి నలభై నిమిషాల డ్రైవులో, మొక్కజొన్న చేల మధ్య కట్టారు. గోడలు రెండడుగుల మందం. కిటికీలు లేవు. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో సాయంత్రం కారు దగ్గరికి వెళ్లేదాకా తెలియదు.

దీనమ్మ పదమూడేళ్లుగా ఇక్కడ ఫిలిం చూస్తోంది. అంటే కూర్చుని సినిమాలు చూస్తోందనుకునేరు. చేత్తో తిప్పే రెండు చక్రాలుంటాయి, వాటి మధ్య కింద దీపం వెలిగే అద్దాల బల్ల. దాని మీదుగా ఫిలింను అడుగడుగూ లాగుతూ, అంచు రంధ్రాలు చినిగాయా, అతుకులు ఊడాయా, ఎంత కుంచించుకుపోయింది అని చూసి కార్డు మీద రాస్తుంది. బొమ్మలో ఏముందో రాయడానికి ఆ కార్డులో గడి లేదు. ఎవరూ అడగనూ లేదు. ఆమె భర్త షాలేం రాజు బతికున్నన్నాళ్లూ చర్చిలో ఎవరైనా అడిగితే, "మా ఆవిడ పాత ఫిలింలు తుడుస్తుందండి" అని చెప్పేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ జవాబును సవరించాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఇవాళ బల్ల మీద ఒక్కటే డబ్బా ఉంది. దానికి ఎర్ర చీటీ కట్టారు. ఎర్ర చీటీ అంటే ఆశ వదులుకున్నారని. గురువారం మూడున్నరకు వ్యాను వచ్చి, ఎర్ర చీటీ పడ్డ ఫిలింను నీళ్లు నింపిన ఇనప డ్రమ్ములో ముంచి తీసుకుపోతుంది. ఆ తరవాత దాన్ని ఎక్కడో దూరంగా తగలబెడతారు. ఇవాళ గురువారమే.

డబ్బాలో ఉన్నది క్లెమ్ రాడర్ ఆఖరి సినిమాలో ఆరో రీలు. ఆ సినిమాకు ఉన్నవే ఆరు రీళ్లు. అయోవాలో ఒక చర్చి నేలమాళిగలో దొరికాయి. మొదటి అయిదూ అప్పటికే గోధుమరంగు పొడి అయిపోయి, పోయిన గురువారం డ్రమ్ములోకి వెళ్లిపోయాయి.

క్లెమ్ రాడర్ ఎవరంటే ఇప్పుడు అమెరికా మొత్తం మీద చెప్పగలిగినవాళ్లు పాతికమంది ఉంటే ఎక్కువ. మూకీల కాలంలో కౌబాయ్ వేషాలు వేసినవాడు. కాన్సాస్‌లో గుర్రాలను మచ్చిక చేసుకుంటూ బతికేవాడు, అక్కణ్ణుంచి కాలిఫోర్నియా వచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. పదమూడేళ్లలో అరవై మూడు సినిమాలు. రైలు పైకప్పు మీద నుంచి పరిగెత్తే గుర్రం మీదకు తనే దూకేవాడు. ఒకసారి అలా దూకడంలోనే ఎడమ మోకాలు చితికింది. ఆ తరవాతి సినిమాల్లో అతను గుర్రాన్ని కుడివైపు నుంచి ఎక్కుతాడు. గుర్రం తెలిసినవాడెవడూ అటు నుంచి ఎక్కడు. కెమెరాను ఇటు తిప్పీ అటు తిప్పీ డైరెక్టర్లు ఆ సంగతి జనానికి తెలియకుండా నెట్టుకొచ్చారు గానీ, దీనమ్మ భూతద్దం దగ్గర వాళ్ల పప్పులు ఉడకలేదు. మాటల సినిమాలు వచ్చాక అతను గుంపు సీన్లలో వెనక వరసలో స్వారీ చేశాడు. ఆ తరవాత అదే స్టూడియో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. ఆ కుర్చీలోనే పోయాడట.

అరవై మూడింటిలో మిగిలినవి నాలుగు. నాలుగూ దీనమ్మ చేతుల మీదుగానే వెళ్లాయి. అతని గడ్డం మీది మచ్చ, కుడి చెయ్యి చూపుడువేలికి లేని గోరు, మోకాలు నొప్పి పెట్టినప్పుడు బిగుసుకునే దవడ ఆమెకు తెలుసు. అతను నడవడం మాత్రం చూడలేదు. ఆమె ఎరిగిన రాడర్ ఒక్కో ఫ్రేములో ఒక్కోలా నిలబడి ఉంటాడు, ఆల్బమ్‌లో చుట్టంలా. ఏటా ఒక శనివారం సాయంత్రం బాగుచేసిన సినిమాలు తెర మీద వేస్తారు. ఆ వేళకు చర్చిలో పాటల ప్రాక్టీసు ఉందని ఆమె తప్పించుకుంటుంది. అది పైకి చెప్పే కారణం.

గాజు తలుపు మీద చిన్నగా తట్టి ఆద్య లోపలికి తొంగి చూసింది. ఈ విభాగానికి అధికారి. ముప్ఫై అయిదేళ్లుంటాయి, ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే పుట్టింది. ఆమె తండ్రి నలుగురిలో ఉన్నప్పుడు కూతురు మీడియాలో ఉందని చెప్పుకుంటాడు, కుళ్లిన ఫిలిం సంగతి ఎత్తడు.

"ఆంటీ, అది రెడ్ ట్యాగ్ కదా. మీరు ఓపెన్ చేయాల్సిన నీడ్ లేదు."

"ఒకసారి చూస్తానమ్మా."

"స్మెల్ చూశారా? ఇట్స్ గాన్, ఆంటీ."

"వాసనకేముంది తల్లీ, మద్రాసులో ఇంతకన్నా కంపు కొట్టేవి అతికించాం."

ఆద్య గోడ గడియారం వంక చూసింది. "ఓకే. స్కానర్‌కి వెళ్లేలా ఉంటే చెప్పండి. హండ్రెడ్ ఫీట్ వచ్చినా కాపీ తీసుకుంటా. త్రీ థర్టీ వరకే, ప్లీజ్. వ్యాన్ వెయిట్ చేయదు."

దీనమ్మ తలూపింది. ఇందులో తనకేం పట్టుదలని ఆద్య అడగనందుకు లోలోపల ఊపిరి పీల్చుకుంది.

పద్దెనిమిదో ఏట నర్సాపురం నుంచి మద్రాసు వెళ్లి, అక్కడి ల్యాబులో నెగెటివ్ కటింగ్, అంటే అసలు ఫిలింను కోసి వరసగా అతికే పని, నేర్చుకుంది దీనమ్మ. పంతొమ్మిదేళ్లు అదే పని. నెగెటివ్ కట్ చేసే ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోకూడదు, రేక రాలుతుంది. ముఖానికి పౌడరు రాయకూడదు. గాజులు వేసుకోకూడదు, ఫిలిం మీద గీత పడుతుంది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇక్కడి తెలుగు చర్చిలో మాత్రం ఆమె బోసి చేతులు చూసి, నగలు మానేసిందంటే ఎంత భక్తురాలో అనుకుంటారు. ఆమె కాదనదు. షాలేం రాజు అక్క డెట్రాయిట్‌లో నర్సు, తమ్ముణ్ణి రప్పించుకుంది. అతను కారు విడిభాగాల ఫ్యాక్టరీలో లేతు మీద చేరాడు. దీనమ్మ పద్నాలుగేళ్లు స్కూలు వంటింట్లో పళ్లేలు కడిగింది. ఫిలింను చేత్తో అతకడం వచ్చినవాళ్లు కావాలని ఈ గిడ్డంగి వాళ్లు ప్రకటించిన రోజు, తన చేతులకు ఇంకా పేరుందని ఆమెకు మళ్లీ గుర్తొచ్చింది.

చేరిన మొదటి సంవత్సరమే ఆ పొరపాటు జరిగింది.

అది కూడా రాడర్ సినిమానే, నెగెటివు. షాటుకూ షాటుకూ మధ్య అక్కడక్కడా రెండేసి ఫ్రేముల ముక్కలు, వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు. మద్రాసులో రెండు ఫ్రేముల ముక్క కనబడిందంటే అది చెత్త. కెమెరా ఆగినప్పుడు వెలుతురు పడి పాడైన ముక్క, తీసి పారెయ్యాలి. అలా తియ్యకుండా వదిలేసిన రోజు మేస్త్రి చేత చీవాట్లు తిన్న మనిషి దీనమ్మ. కొత్త ఉద్యోగం, మంచి పేరు తెచ్చుకోవాలని ఒళ్లు వంచి, నలభై ఒక్క ముక్కలూ ఏరి ఏరి తీసేసి, అందంగా అతికి ఇచ్చింది. ముక్కల్ని డబ్బాలో వేసింది. గురువారం వ్యాను తీసుకుపోయింది.

ఏడాది తరవాత ఇంకో నెగెటివు బాగుచేస్తుంటే, పక్కన నిలబడ్డ పాత ఉద్యోగి ఒకాయన మాటల సందర్భంలో చెప్పాడు. మూకీల్లో మాటలు రాసిన అట్టలుంటాయి కదా, నెగెటివులో వాటికి చోటు వృథా కాకుండా రెండేసి ఫ్రేములే ఉంచేవారట. ప్రింటు వేసేటప్పుడు వాటిని సాగదీసి, జనం చదువుకునేంత పొడుగు చేసేవారట. దీనమ్మకు అప్పుడు అర్థమయింది. ఆ సినిమాలో క్లెమ్ రాడర్ మాట్లాడిన ప్రతి మాటనూ ఆమె తన చేత్తో కత్తిరించి పారేసింది. మాటల సినిమాలు వచ్చి అతని బతుకును తీసుకుపోతే, ఆమె వచ్చి అతని మూగ సినిమాలోని మాటలు కూడా తీసేసింది.

నోరు విప్పలేదు. ఆ పాతాయన రిటైరై వెళ్లిపోయాడు. ఆద్య వచ్చింది. ఆ నెగెటివు మాటల్లేకుండానే దొరికిందనుకుని కేటలాగులో అలాగే రాసింది. ఏటా ఆ శనివారం వేదిక ఎక్కి, ఈ నటుడికి మాటల అవసరమే లేదని చెబుతుందట. జనం చప్పట్లు కొడతారట. ఆ చప్పట్లు వినలేకే దీనమ్మ పాటల ప్రాక్టీసుకు వెళుతుంది.

ఈ ఆరో రీలు కాస్త స్కానరెక్కితే, తీసేసిన మాటలకు బదులు ఒక ముగింపైనా అతనికి ఇచ్చినట్టవుతుందని వారం రోజులుగా ఆమె మనసులో ఉంది. దానికీ దీనికీ చెల్లుకు చెల్లు కాదని ఆమెకూ తెలుసు. తెలిసినా వారం రోజులుగా నిద్ర సరిగా లేదు.

డబ్బా తెరిచింది. ఘాటు గుప్పుమని కొట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్ట లోపలి సగం ముదురు పాకం పోసి ఆరబెట్టినట్టు ఒకటే ముద్ద. పైవైపు మూడు వేళ్ల మందం మాత్రం పొరలు పొరలుగానే కనబడుతోంది. మెత్తటి బ్రష్షుతో పొడి దులిపి, పలచటి ఎముక పుల్లను పొరల మధ్య దూర్చి, కొస కోసం వెతికింది. కొస దొరికేసరికి పదకొండయింది. చేతులు అప్పటికే లాగేస్తున్నాయి.

బల్ల మీదికి వచ్చిన మొదటి బొమ్మ, సమాప్తమని చెప్పే అట్ట. దీనమ్మ ముందు ఆశ్చర్యపోయి, తరవాత నవ్వుకుంది. ఆఖరిసారి ఈ సినిమా ఆడించినవాడెవడో రీలును తిరిగి చుట్టకుండా అలాగే డబ్బాలో పెట్టేశాడు. అందుకని కథ చివర పైన ఉంది, మొదలు లోపల ముద్దలో ఉంది. తిరిగి చుట్టి ఉంటే చివరే ముద్దలో పోయి ఉండేది.

రెండడుగులు లాగేసరికి ఆ నవ్వు పోయింది. పొర విడిపోతుంటే బొమ్మ ఫిలిం మీద నిలవడం లేదు. దీపం మీదికి వస్తోంది, కనబడుతోంది, అవతలి చక్రం చేరేలోపు పొట్టుగా రాలిపోతోంది. వెనక మిగిలేది పసుపుపచ్చటి ఖాళీ ఫిలిం. స్కానరు మాట దేవుడెరుగు, ఇంకొకసారి కళ్లతో చూడటానికి కూడా ఏమీ మిగలదు. చక్రం ఆపి, గోడకున్న మైకు బొత్తాం నొక్కింది.

"ఆద్యా, రీలు చివర్నుంచి వస్తోంది, విప్పుతుంటే బొమ్మ రాలిపోతోందమ్మా. స్కానరుకు పనికిరాదు. ఇంక ఆపెయ్యనా?"

కాసేపటికి జవాబొచ్చింది. "ఐయామ్ సారీ, ఆంటీ. నేను కాల్‌లో ఉన్నా. ఆపినా త్రీ థర్టీకి పోతుంది కదా. మీ ఇష్టం."

దీనమ్మ చక్రం దగ్గరికి వచ్చి నిలబడింది. నీరసం వచ్చేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆపేస్తే ఇంటికి తొందరగా వెళ్లొచ్చు, వేణ్ణీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చోవచ్చు. కానీ ఆపితే ఎవరూ చూడకుండా పోతుంది. విప్పితే ఒక్కరు చూస్తారు. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, భూతద్దం కంటికి పెట్టుకుని, చక్రం తిప్పింది.

ఖాళీ మైదానం, దూరంగా ఒక చుక్క. చుక్క పెద్దదైంది. అది మనిషి వీపు. భుజం మీద గుర్రపు జీను మోసుకుంటూ అతను వెళ్లిపోతున్నాడన్నమాట, కాకపోతే దీనమ్మ బల్ల మీద వెనకడుగులు వేస్తూ ఇటే వస్తున్నాడు. ఈసారి మోకాలు దాచలేదు. ప్రతి రెండో అడుగుకూ ఒళ్లు ఎడమవైపు ఒరుగుతోంది. ఇన్ని సినిమాల్లో అంతమంది కలిసి దాచిన కుంటునడకను ఈ ఆఖరి షాటులో ఆరుబయట, పట్టపగలు, వదిలేశారు. ఆగి చూడటానికి వీల్లేదు, ఆగితే దీపం వేడికి ఇంకా తొందరగా రాలుతోంది. ఆమె చేతిని ఆపకుండా తిప్పింది. కళ్లు ఫ్రేము నుంచి ఫ్రేముకు దూకుతుంటే, పదమూడేళ్లలో మొదటిసారి క్లెమ్ రాడర్ ఆమె ఎదుట నడిచాడు.

వెనక్కి వెనక్కి వచ్చి కంచె దగ్గర ఆగాడు. కంచె అవతల ఒకావిడ, నడివయసు. పక్కన గుర్రం, అదీ ముసలిదే. అతను భుజం మీది జీను తీసి గుర్రానికి కట్టాడు. అరచెయ్యి దాని నొసటి మీద పెట్టాడు. తరవాత మాటల అట్ట ఒకటి వచ్చింది. ప్రింటు గనక చదువుకునేంత పొడుగు ఉంది. దీనమ్మ దాన్ని మూడుసార్లు చదివింది, నాలుగోసారికి రాలిపోయింది. ఆ తరవాత వసారాలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆవిడ అతని కప్పులో ఏదో పోస్తోంది. అతను ముఖం ఇటు తిప్పాడు. గడ్డం నెరిసింది.

అక్కడ చక్రం బిగుసుకుంది. మిగిలిందంతా ముద్ద. ఆమె పుల్లతో ప్రయత్నించింది, గోటితో ప్రయత్నించింది, రబ్బరు గ్లౌజు చిరిగింది. ముద్ద కదల్లేదు. బల్ల మీదా, ఒళ్లోనూ, చెప్పుల మీదా గోధుమరంగు పొట్టు. దీనమ్మకు ఏడుపు వచ్చింది. ఎవరూ లేరు గనక కాసేపు ఏడ్చింది.

మూడింటికి ఆద్య వచ్చి ముద్దనూ, పొట్టునూ, ఆమె ముఖాన్నీ చూసి, ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. కార్డు తీసి వెనక్కి తిప్పింది. వెనకవైపు ఖాళీగా ఉంటుంది.

"ఆంటీ, మీరొక్కరే చూశారు. ఏం ఉందో చెప్పండి, నేను రాస్తాను."

దీనమ్మ గ్లౌజులు తీసేసింది. "మైదానంలో దూరం నుంచి వచ్చాడమ్మా. వచ్చి, భుజం మీద జీను గుర్రానికి కట్టాడు. ఆవిడతో వసారాలో కూర్చున్నాడు. కాఫీయో ఏదో పోసింది."

ఆద్య రాస్తూ రాస్తూ ఆగింది. "వెయిట్. ఇది రివర్స్ కదా? టెయిల్ ముందు వచ్చింది అన్నారు. ఫస్ట్ నుంచి చెప్పండి."

"ఫస్టు నుంచి చెబితే వెళ్లిపోతాడు తల్లీ."

ఆద్య తలెత్తి చూసింది. పెన్ను కింద పెట్టింది.

ముక్కల్ని వాటి వరసలో పెట్టడమే దీనమ్మ జన్మంతా చేసిన పని, ఇవాళ దానికి మనసొప్పలేదు. ఒప్పకపోయినా చెప్పింది. "వసారాలో కూర్చున్నారు. ఆవిడ పోసింది తాగాడు. లేచి గుర్రం దగ్గరికెళ్లాడు. అప్పుడు అట్ట వచ్చింది. దాని మీద ఏముందంటే, గుర్రం ఇక్కడే ఉండనీ, దానికి మీ నీళ్లు అలవాటయ్యాయి, అని. నొసటి మీద చెయ్యి పెట్టాడు. జీను విప్పి భుజానేసుకున్నాడు. కుంటుతా వెళ్లిపోయాడు. ఎనక్కి చూళ్లేదు. అంతే."

ఆద్య రాసింది. చివర తేదీ వేసి కార్డు ఆమె వైపు తిప్పింది, సంతకానికి. దీనమ్మ పెన్ను పట్టుకుంది గానీ సంతకం పెట్టలేదు.

"ఇంకోటుందమ్మా. ఆ మాటల్లేని సినిమా. మాటల్లేకుండా రాలేదది. నలభై ఒక్క అట్టలుండేవి. రెండేసి ఫ్రేములు. చెత్తనుకుని నేనే తీసి పారేశాను."

ఆద్య ముఖంలో రంగు మారింది.

"ఆ నోట్ రాసింది నేను, ఆంటీ."

"తెలుసు."

"ఎవ్రీ ఇయర్ స్టేజ్ మీద చెప్తున్నా." ఆమె లేచి, రెండడుగులు వేసి, మళ్లీ కూర్చుంది. "ఇది నేను పైకి రిపోర్ట్ చేయాలి. వాళ్లేం అంటారో ఐ డోంట్ నో."

"రాయమ్మా. రాయాలి."

ఆద్య కార్డు మీద నుంచి తలెత్తకుండానే అడిగింది. "గుర్తున్నాయా?"

"తీసేముందు ఒక్కోటీ చదివాను. అప్పట్లో ఇంగ్లీషు అంతంత మాత్రం. తొమ్మిది గుర్తున్నాయి." పదకొండేళ్లుగా ఆమె ఆ తొమ్మిదింటినీ కారు నడుపుతూ మనసులో చెప్పుకుంటోంది, మరిచిపోతానేమోనని. ఆ సంగతి చెప్పలేదు.

ఆద్య ఇంకో ఖాళీ కార్డు తీసింది.

ఏడో మాట రాస్తుండగా వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు డ్రమ్మును తోపుడు బండి మీద తెచ్చారు. ఎవరి చేతా పట్టించకుండా దీనమ్మే ముద్దను రెండు చేతులా ఎత్తి నీళ్లలోకి దించింది. అది మునిగింది, నాలుగు బుడగలు వచ్చాయి. పొట్టు కూడా ఊడ్చి అందులోనే వేసింది. వాళ్లు మూత బిగించి తీసుకుపోయారు. మిగిలిన రెండు మాటలూ నిలబడే చెప్పి, రెండు కార్డుల మీదా సంతకం పెట్టి, దీనమ్మ కోటు వేసుకుంది. రేపు రమ్మంటారో వద్దంటారో ఆమె అడగలేదు, ఆద్యకు కూడా తెలియదు. బయట మంచు మొదలైంది. ఆమె కారు గేటు దాటి మొక్కజొన్న మోళ్ల మధ్య రోడ్డెక్కడం ఆద్య తలుపు దగ్గర నిలబడి చూసింది.

లోపలికి వచ్చి దీపం ఆర్పబోతూ ఆగింది. డ్రమ్ములోకి ఇనుము వెయ్యరు గనక డబ్బా మూత బల్ల మీదే ఉండిపోయింది. ఆద్య గుడ్డతో తుడిస్తే తుప్పు కింద పాత అచ్చు కాగితం బయటపడింది, థియేటర్ల వాళ్లకు సినిమా కంపెనీ అంటించిన హెచ్చరిక: ఆడించిన తరవాత ప్రతి రీలునూ తప్పనిసరిగా తిరిగి చుట్టి పంపవలెను.